అత్యాచారం, గృహహింస వార్తలు రాయడం విద్యార్థులకు ఎలా నేర్పాలి? ఆరు క్లాసులే ఉన్నాయి

ఎంసీజే_లెక్చరర్ (ప్రశ్న):

డిగ్రీ మూడో ఏడాది, తెలుగు మీడియం జర్నలిజం, 32 మంది విద్యార్థులు. రిపోర్టింగ్ పేపర్లో స్త్రీలపై, పిల్లలపై హింస వార్తల కోసం 6 క్లాసులు దొరికాయి, ఒక్కోటి 90 నిమిషాలు. సిలబస్‌లో ఉన్నది ఒకే వాక్యం: "బాధితురాలి పేరు ప్రచురించరాదు." పరీక్షలో అందరూ అదే రాస్తారు, మార్కులూ పడతాయి. అసైన్‌మెంట్ ఇస్తే మాత్రం పేరొక్కటి వదిలేసి ఊరు, బడి, తండ్రి చేసే పని అన్నీ రాసేస్తారు. హెడ్డింగుకి వచ్చేసరికి కామాంధుడు, మృగాడు.

నాకు కావలసినవి: చట్టం ఎంతవరకు చెప్పాలి, ఏ సెక్షన్లు తప్పనిసరి? నిజమైన బాధితులను క్లాసుకు పిలవకుండా ఇంటర్వ్యూ ఎలా నేర్పాలి? ఇదే అనుభవం ఉన్నవాళ్లు క్లాసులోనే ఉండొచ్చు, అప్పుడేం చేయాలి? మార్కులు వేటికి వేయాలి? ఉపన్యాసాలు కాదండి, క్లాసులో చేయించగలిగే పనులు చెప్పండి.

---

డెస్కు_పాతకాపు:

లెక్చరర్ గారూ, మొదటి రెండు క్లాసులూ కాపీ దిద్దించడానికే పెట్టండి. చట్టం తర్వాత. ముందే చట్టం చెబితే "పేరు రాయకపోతే చాలు" అన్నచోటే ఆగిపోతారు. గుర్తింపు అసలు ఎక్కడ బయటపడుతుందో వాళ్ల చేతులకు తెలియాలి.

మండలం నుంచి వచ్చే మామూలు కాపీ ఇలా ఉంటుంది (కల్పించిందే, ఇలాగే బోర్డు మీద రాయండి):

"ఓ తండాకు చెందిన ఆటోడ్రైవర్ మూడో కూతురు (13) స్థానిక జెడ్పీ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతోంది. పక్కింట్లో ఉండే, వరసకు బాబాయి అయ్యే యువకుడు (24) మాయమాటలు చెప్పి చేను వద్దకు తీసుకెళ్లి అఘాయిత్యానికి ఒడిగట్టాడు. తల్లి ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లడంతో విషయం వెలుగులోకి వచ్చింది. నిందితుడు నేరం అంగీకరించినట్లు సీఐ తెలిపారు."

ఇందులో పేరు లేదు. ఆ మండలంలో ఎవరైనా టీ తాగి కప్పు కింద పెట్టేలోపు ఆ పాప ఎవరో చెప్పేస్తారు. విద్యార్థుల చేత ఒక్కో ఆనవాలు కింద గీత గీయించండి: తండా, తండ్రి పని, ఎన్నో కూతురు, వయసు, బడి, తరగతి, పక్కిల్లు, బంధుత్వం, ఆసుపత్రి. తొమ్మిది. సాధారణంగా నాలుగైదు దగ్గర ఆగిపోతారు. బంధుత్వం, ఆసుపత్రి కంటికి ఆనవు.

రెండో మెట్టు దీనికంటే ముఖ్యం. క్లాసును 8 మంది చొప్పున నాలుగు జట్లు చేసి, ఒక్కో జట్టును ఒక్కో పత్రిక అనుకోమనండి. ప్రతి జట్టూ ఆ తొమ్మిదిలో "ఇవి రాస్తే ఏం కాదులే" అనుకున్న రెండు మాత్రం ఉంచుకుని వార్త రాయాలి. తర్వాత నాలుగు వార్తలూ పక్కపక్కన గోడకు అంటించండి. ఒకరు బడి పేరు ఉంచారు, ఒకరు తండ్రి పని, ఒకరు తండా, ఒకరు బాబాయి వరస. ఎవరి వార్తకు వారు జాగ్రత్తగానే ఉన్నారు, నాలుగూ కలిస్తే పాప ఇంటి గడపలో నిలబడ్డట్టే. జిల్లా పేజీల పోటీలో రోజూ జరిగేది ఇదే. పాఠకుడు ఒక్క పేపరే చదువుతాడన్న భ్రమ అక్కడితో పోతుంది.

దిద్దాక మిగలవలసింది ఇంతే: "జిల్లాలో ఓ బాలికపై లైంగిక దాడికి పాల్పడ్డాడన్న ఫిర్యాదుపై 24 ఏళ్ల యువకుణ్ని పోలీసులు అరెస్టు చేశారు. పోక్సో చట్టం కింద కేసు నమోదైంది. కోర్టు రిమాండ్ విధించింది." డేట్‌లైన్‌లో (వార్త మొదట వేసే ఊరి పేరు) మండలం పేరు కూడా వద్దు, జిల్లా కేంద్రం వేయండి. "ఇందులో వార్తేముంది సార్" అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. కేసు ఎన్నాళ్లకు నమోదైంది, ఫిర్యాదు తీసుకోవడానికి తిప్పారా, వైద్య పరీక్ష సమయానికి జరిగిందా, ఆ జిల్లా పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కోర్టులో ఎన్ని కేసులు పేరుకున్నాయి, వార్త అక్కడుంది. పాప ఇంట్లో లేదు.

నిందితుడు ఇంటివాడైతే ఒక్కటే లెక్క: అతని పేరు రాస్తే బంధుత్వం రాయకూడదు, బంధుత్వం రాస్తే పేరు రాయకూడదు. తండ్రే నిందితుడైన చోట మనం "పేరు" ఎంచుకుని ఇంకో పత్రిక "కన్నతండ్రే" అని వేస్తే మళ్లీ మొదటికే. కాబట్టి దగ్గరి బంధువుల కేసుల్లో పేరు వదిలేయడమే మేలు. ఇంటిపేరు కూడా పేరే అని గట్టిగా చెప్పండి. మన ఊళ్లలో ఇంటిపేరు, కులం, తండా ఈ మూడింట్లో రెండు చాలు.

ఫొటోలు, వీడియోల మీద అరగంట కేటాయించండి. మొహానికి మాత్రమే బ్లర్ వేసి చీర, గాజులు, ఇంటి గేటు, ఎదురుగా ఉన్న ట్యాంకు, ఆటో నంబరు వదిలేస్తారు. గొంతు మార్చి వేస్తే చాలనుకుంటారు. శ్రుతి మార్చిన గొంతును మామూలు సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తిప్పవచ్చు, పైగా యాస, మాటతీరు అలాగే ఉంటాయి. ఆమె మాటలను వేరే మనిషి చేత చదివించాలి. తల్లి మొహం చూపించి కూతురి మొహం దాచడం ఇంకో తమాషా.

వెబ్ డెస్కు తప్పులు వేరు. వార్తలో పేరు తీసేస్తారు, లింకులో ఉండిపోతుంది. ఫొటో ఫైలు పేరులో ఉంటుంది. ట్యాగుల్లో ఉంటుంది. యూట్యూబ్ థంబ్‌నెయిల్ మార్చినా వాట్సాప్‌లో వెళ్లిన పాత ప్రివ్యూ తిరుగుతూనే ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ మరిచిపోయేది: "యువతి అదృశ్యం" అని నిన్న పేరు, ఫొటోతో వేసిన వార్త. ఈరోజు అది లైంగిక నేరమని తేలితే నిన్నటి వార్తను వెతికి మార్చాలి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి అత్యాచారం, హత్య కేసులో జరిగింది ఇదే. అసలు పేరు, ఫొటో దేశమంతా ట్రెండ్ అయ్యాక సైబరాబాద్ పోలీసులు "దిశ" అని పిలవమన్నారు. అప్పటికే ఆలస్యం.

---

కోర్టుబీటు:

పాతకాపు గారు చెప్పిన వరస బాగుంది, మూడో క్లాసు చట్టానికి ఇవ్వండి. సెక్షన్లు బట్టీ పట్టించకండి. ప్రతి సెక్షన్‌కూ "ఇది ఎవరిని కాపాడుతుంది, ఏ అనుమతి ఉంటే వర్తించదు, దాటితే ఏమవుతుంది" అని మూడు గడులు గీయించండి.

భారతీయ న్యాయ సంహిత 72. పాత ఐపీసీ 228ఎ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. 64 నుంచి 71 వరకు సెక్షన్లలోని లైంగిక నేరాలకు వర్తిస్తుంది. పేరే కాదు, గుర్తింపు తెలిసేలా చేసే ఏ విషయమైనా ప్రచురిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. పక్కనే 73: ఇలాంటి కేసుల కోర్టు విచారణకు సంబంధించిన విషయాలను ఆ కోర్టు అనుమతి లేకుండా ప్రచురించకూడదు. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులను ప్రచురించడం మాత్రం నేరం కాదు. అలాగని తీర్పులో పొరపాటున పేరు ఉంటే మనమూ వేయనక్కర్లేదు.

పోక్సో 23. పేరు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు, ఇవన్నీ చట్టంలోనే పేరుపేరునా ఉన్నాయి. పాతకాపు గారి తొమ్మిది ఆనవాళ్లలో సగం చట్టమే చెప్పిందన్నమాట. అనుమతి ఇవ్వగలిగింది ప్రత్యేక కోర్టు ఒక్కటే, అదీ బిడ్డ మేలు కోసమైతేనే. శిక్ష ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇందులో ఇంకో మెలిక ఉంది: విలేకరి తప్పుకు యజమాని, ప్రచురణకర్త కూడా బాధ్యులు. ఈ ముక్క విన్నాక స్ట్రింగర్లతో (వార్తకింత అని తీసుకునే విలేకరులు) కాపీ రాయించే సంస్థల తీరు గురించి చర్చ దానంతట అదే మొదలవుతుంది.

జువెనైల్ జస్టిస్ చట్టం 74. బాధిత పిల్లలకే కాదు, నిందితుడు మైనరైతే అతనికీ ఇదే రక్షణ. దిశ కేసు ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. నలుగురు నిందితుల పేర్లు, ఫొటోలు అన్ని చానళ్లలో వచ్చాయి. డిసెంబరు 6 తెల్లవారుజామున వాళ్లు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ ఆ నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లేనని, ఆత్మరక్షణ కోసం కాల్చామన్న పోలీసుల మాట నమ్మదగినది కాదని తేల్చింది. నివేదిక బయటికి వచ్చింది 2022లో. కాల్పులు జరిగిన రోజు పోలీసులపై పూలు చల్లే విజువల్స్ మధ్య "పోలీసులు చెప్పిన ప్రకారం" అన్న మాట ఎన్ని వార్తల్లో ఉందో విద్యార్థుల చేత పాత పత్రికల్లో లెక్కపెట్టించండి. బాధితురాలి పట్ల మర్యాద, నిందితుడి హక్కు రెండు వేర్వేరు పాఠాలు కావు.

పని చేసేచోట లైంగిక వేధింపుల చట్టం, 2013. సెక్షన్ 16 ప్రకారం ఫిర్యాదులోని విషయాలు, విచారణ వివరాలు పత్రికలకు చెప్పడమే నిషేధం. న్యాయం జరిగిందని రాయవచ్చు, ఎవరన్నది తెలియకుండా.

ఇక అందరూ జారిపడే చోటు: "తల్లిదండ్రులే పేరు వేయమన్నారు సార్." సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 11న నిపుణ్ సక్సేనా కేసులో దీనికి జవాబిచ్చింది. బాధితురాలు చనిపోయినా సరే, కుటుంబం ఒప్పుకున్నా సరే పేరు బయటపెట్టకూడదు, తప్పనిసరైతే సెషన్స్ జడ్జి నిర్ణయించాలి. కొవ్వొత్తుల ర్యాలీ ఫ్లెక్సీ మీద ఫొటో ఉన్నా, ఆ ఫ్లెక్సీని ఫొటో తీసి వేయడం ప్రచురించడమే. 2024 ఆగస్టు 20న కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రి వైద్యురాలి అత్యాచారం, హత్య కేసులో అదే కోర్టు సోషల్ మీడియా నుంచి పేరు, ఫొటోలు తీయించింది. జమ్మూకశ్మీర్‌లోని కఠువా చిన్నారి కేసులో గుర్తింపు బయటపెట్టినందుకు 2018లో ఢిల్లీ హైకోర్టు పలు మీడియా సంస్థలను తలా 10 లక్షలు కట్టమంది. ఊరంతా అంటోంది కదా అన్నది కోర్టులో సాకుగా నిలవదు.

18 ఏళ్లు నిండిన బాధితురాలు తానే పేరుతో మాట్లాడాలనుకుంటే రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు, చట్టం ఆపదు. ఆ హక్కు ఆమెదే, ఎడిటర్‌ది కాదు.

గృహహింస, వరకట్న మృతి, యాసిడ్ దాడికి 72 వర్తించదు. అక్కడ చట్టం ఆగిపోతుంది, విచక్షణ మొదలవుతుంది. పరీక్షలో ఈ తేడా అడగండి.

చివరిగా "నేరం అంగీకరించాడు" అనే మాట. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు (భారతీయ సాక్ష్య అధినియమం 23). పేపర్లో మాత్రం అదే తీర్పు. అనుమానితుడు, నిందితుడు, దోషి ఏ దశలో ఏ మాటో ఒక గీత గీసి చూపించండి: ఫిర్యాదు, ఎఫ్‌ఐఆర్, అరెస్టు, చార్జిషీటు, తీర్పు. "దోషి" చివరి గడిలోనే.

---

మాటల_సాన:

చట్టం వాళ్లిద్దరూ చెప్పారు. నాలుగో క్లాసు నాకివ్వండి, హెడ్డింగులకు. తెలుగులో ఈ వార్తలకు ప్రత్యేకంగా ఒక భాషే తయారైపోయింది, ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాల నుంచి తెచ్చిన నియమాలు దాన్ని పట్టుకోలేవు.

వారం రోజుల పత్రికలు, జిల్లా పేజీలతో సహా తెప్పించి 40 హెడ్డింగులు కత్తిరించమనండి. వాటిని నాలుగు కుప్పలుగా వేయాలి.

ఒకటి, చేసినవాడు లేని హెడ్డింగులు. "బాలికపై అత్యాచారం", "వివాహిత అనుమానాస్పద మృతి." మన భాషలో కర్తను వదిలేసినా వాక్యం చక్కగా నిలుస్తుంది, అదే చిక్కు. ఎవరో తెలియకపోతే సరే, అరెస్టయ్యాక కూడా ఇలాగే వేస్తారు. "భార్యను చంపాడన్న కేసులో భర్త అరెస్టు" అనడానికి ఏం అడ్డు? ఇంకొకటి, ఆమెను "వివాహిత" అంటాం, అతణ్ని ఎప్పుడైనా "వివాహితుడు" అన్నామా?

రెండు, నిందితుడి మాటే కారణమైపోయినవి. "అనుమానంతో భార్యను హతమార్చిన భర్త." అనుమానం అన్నది ఎవరు చెప్పారు? అతను, పోలీసులకు. ఆమె చెప్పడానికి లేదు. "ప్రేమ నిరాకరించిందని", "కాపురానికి రానందుకు", "మద్యం మత్తులో", "క్షణికావేశంలో." కత్తి ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్నవాడిది క్షణికావేశమా అని ఒక్క ప్రశ్న వేయండి చాలు. "వివాహేతర సంబంధమే కారణమా?" అని చివర ప్రశ్నార్థకం పెట్టడం ఇంకా చవకబారు పని. అడిగినట్టుంటుంది, చెప్పేసినట్టే.

మూడు, ఆమె మీద నేరం మోపేవి. "ఒంటరిగా వెళ్తున్న యువతి", "రాత్రి పూట", "స్నేహితుడితో కలిసి." వార్తకు అవసరమా అని అడిగి, కాకపోతే కొట్టేయాలి. ఇది కొత్తదేం కాదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్ అత్యాచారం కేసులో బాధితురాలిపై వ్యభిచారి అన్న ముద్ర వేయడానికి ఎంత ప్రయత్నం జరిగిందో పాత పత్రికలు తిరగేస్తే తెలుస్తుంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. (ఆమె పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంది, క్లాసులో పలకాల్సిన పనిలేదు.)

నాలుగు, మసాలా మాటలు. ఇక్కడ ఒక్కో మాట వేరుగా చూడాలి. "కోరిక తీర్చుకున్నాడు", "అనుభవించాడు", "లొంగదీసుకున్నాడు" ఇవి నేరాన్ని శృంగారం చేస్తాయి, ఒక్కసారి కూడా వద్దు. "మానభంగం", "చెరచడం": మానం పోయింది ఆమెది, చెడింది ఆమె, మాటలోనే ఆ అర్థం ఉంది. "అత్యాచారం", "లైంగిక దాడి" వాడండి. "ప్రేమోన్మాది": వెంటపడి వేధించినవాడికి ప్రేమ అంటగట్టడం. "వేధించిన యువకుడి దాడి" అంటే సరిపోతుంది. "ఈవ్ టీజింగ్" సరదా మాట, వేధింపు అనాలి. "పరువు హత్య" బదులు "కులదురహంకార హత్య" ఇప్పుడు పత్రికల్లో స్థిరపడుతోంది, కులం కారణమని తేలిన చోట అదే సరైన మాట.

"మృగాడు", "కామాంధుడు", "కీచకుడు" మీద విద్యార్థులు వాదిస్తారు, నేరస్థుణ్ని తిడితే తప్పేంటని. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) లెక్కల్లో ఏటా అత్యాచార కేసుల్లో 90 శాతం పైన నిందితులు ఆమెకు తెలిసినవాళ్లే. మృగం అనగానే చీకట్లో పొద చాటు నుంచి దూకేవాడు కళ్లముందు కనిపిస్తాడు, పక్కింటి ట్యూషన్ మాస్టారు కనిపించడు. పైగా విచారణ కాకుండానే తీర్పు.

ఇంకో సంగతి క్రియాపదం. ఒకే వార్తలో సీఐ "తెలిపారు", డాక్టర్ "చెప్పారు", ఆమె "చెప్పింది." ఈ ఒక్కటీ రంగు పెన్నుతో గీయించండి. 18 ఏళ్లు నిండిన ఆడవాళ్లకు "చెప్పారు" వాడటం తప్పనిసరి చేయండి. అలాగే సెల్‌ఫోన్ పోయిందన్నవాడు "ఫిర్యాదు చేశాడు", అత్యాచారం జరిగిందన్న ఆమె "ఆరోపించింది." రెండూ ఫిర్యాదులే.

సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో లింగ మూస భావాల మీద న్యాయమూర్తుల కోసం ఒక కరదీపిక తెచ్చింది. ఏ మాట బదులు ఏ మాట అని పట్టిక ఉంటుంది. విద్యార్థుల చేత అలాంటి తెలుగు పట్టిక, కనీసం 30 మాటలతో, చేయించండి. దాన్నే అసైన్‌మెంట్ కింద తీసుకోండి.

---

డెస్కు_పాతకాపు:

మాటల సాన గారూ, అన్నీ ఒప్పుకుంటా, ఒక్కటి తప్ప. రెండు కాలమ్‌ల హెడ్డింగులో ఖాళీలతో కలిపి పద్నాలుగు పదిహేను అక్షరాలే పడతాయి. "భార్యను చంపాడన్న కేసులో భర్త అరెస్టు" పట్టదు. క్లాసులో అక్షరాల పరిమితి పెట్టి రాయించకపోతే ఉద్యోగంలో మొదటి రాత్రే మళ్లీ "మృగాడు" వచ్చేస్తాడు, మూడక్షరాలు గనక.

---

మాటల_సాన:

నిజమే. "భార్య హత్య.. భర్త అరెస్టు." లెక్కపెట్టుకోండి.

---

కౌన్సెలింగ్_డెస్క్:

ఇంటర్వ్యూ, విద్యార్థుల క్షేమం గురించి. ఈ రెండూ ఐదో క్లాసులో కలపండి.

మొదట క్షేమం. మాడ్యూల్ మొదలవడానికి వారం ముందే ఏ రోజు ఏ విషయం వస్తుందో రాసి నోటీసు బోర్డుకు, గ్రూపుకు పెట్టండి. కారణం చెప్పకుండానే క్లాసు నుంచి బయటికి వెళ్లే వీలుండాలి. సమాన మార్కులతో ఇంకో అసైన్‌మెంట్ సిద్ధంగా ఉంచండి, కోర్టు గణాంకాల వార్త వంటిది. "ఎవరికైనా ఇలా జరిగిందా?" అని క్లాసులో ఎప్పుడూ అడగకండి. ఎవరైనా వచ్చి చెప్పుకుంటే మీరు విచారణాధికారి కాదు. వినండి, ఏం చేయాలనుకుంటున్నావని అడగండి, కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉందని చెప్పండి (యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో ఉండాలి). విద్యార్థి 18 లోపైతే పోక్సో 19 కింద పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత మీ మీద పడుతుంది. ఎవరికీ చెప్పనని ముందే మాటివ్వకండి.

నంబర్లు బోర్డు మీద మొదటి రోజు నుంచే ఉండాలి: 181 మహిళా హెల్ప్‌లైన్, 112 అత్యవసరం, 1098 పిల్లలకు, 14416 మానసిక సహాయం, 1930 సైబర్ మోసాలకు. జిల్లాలో సఖి కేంద్రం (హింసకు గురైన మహిళలకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) ఎక్కడుందో విద్యార్థులే వెళ్లి కనుక్కోవాలి, ఏ సేవలు ఉన్నాయో రాసుకురావాలి. బాధితుల దగ్గరికి కాదు, సిబ్బంది దగ్గరికి.

ఇక ఇంటర్వ్యూ. ముగ్గురేసి కూర్చోబెట్టండి: అడిగేవారు, జవాబు చెప్పేవారు, గమనించేవారు. జవాబు చెప్పేవారికి కార్డు ఇవ్వండి, అందులో గృహహింస నుంచి బయటికి వచ్చిన ఒక కల్పిత మహిళ పరిస్థితి పది వాక్యాల్లో ఉండాలి. లైంగిక దాడి కార్డు వద్దు, నటించడం కూడా కొందరికి భారమే. 12 నిమిషాలు. గమనించేవారు రాయాల్సినవి మూడే: అడిగేవారు ఎన్నిసార్లు మధ్యలో అడ్డొచ్చారు, "ఎందుకు" అనే మాట ఎన్నిసార్లు వచ్చింది, ఆపవచ్చని చెప్పారా లేదా.

"ఎందుకు" లెక్క ఎందుకంటే, మన భాషలో అది అడగడం కాదు, నిలదీయడం. "ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు?" అంటే తప్పు నీదే అని. "అప్పుడు ఎవరితో మాట్లాడగలిగారు?" అంటే అదే సమాచారం వస్తుంది.

సమ్మతి సంతకం కాదు, నాలుగు సంగతులు వివరించడం: ఏది రాస్తాం, ఎక్కడెక్కడ వస్తుంది (వెబ్‌లో ఏళ్ల తరబడి ఉంటుందని సహా), పేరు ఏం వేస్తాం, ఏ రోజు ఎన్ని గంటల వరకు ఆమె వెనక్కి తీసుకోవచ్చు. ఆసుపత్రి మంచం మీద, స్టేషన్ వరండాలో ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదు. పిల్లల ఇంటర్వ్యూ లేనే లేదు, తల్లి ఒప్పుకున్నా.

విద్యార్థులకు తట్టనిది ఒకటుంది. ఆమె మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇచ్చి ఉంటుంది లేదా ఇవ్వబోతుంది. మైకు ముందు గాబరాలో సమయం అటూఇటూ చెబితే ఆ వీడియో క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆమె మీదికే వస్తుంది. కాబట్టి కేసు నడుస్తుండగా ఘటన వివరాలు అడగొద్దు. సహాయం దొరికిందా, స్టేషన్‌లో ఎన్ని గంటలు కూర్చోబెట్టారు, ఇప్పుడేం కావాలి, ఇవి అడగవచ్చు.

---

లెక్కల_పద్దు:

ఆరో క్లాసు గణాంకాలకు కొంత వాడండి. రెండే మూలాలు, రెండూ వేర్వేరు సంగతులు చెబుతాయి.

ఎన్‌సీఆర్‌బీ నమోదైన కేసులు లెక్కిస్తుంది. 2022లో మహిళలపై నేరాలు 4,45,256. అందులో భర్త, అతని బంధువుల క్రూరత్వం 31.4 శాతం, అత్యాచారం 7.1 శాతం. మన పేజీల్లో ఈ నిష్పత్తి ఎలా ఉందో కత్తిరించిన హెడ్డింగులతో పోల్చండి. ఇంకో కీలకం: ఒక ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలున్నా అందులో పెద్దదే లెక్కలోకి వస్తుంది. అత్యాచారం చేసి చంపితే హత్యల లెక్కలో పడొచ్చు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇంటికెళ్లి అడుగుతుంది. అయిదో సర్వేలో (2019-21) పెళ్లయిన 18-49 ఏళ్ల మహిళల్లో భర్త చేతిలో హింస ఎదుర్కొన్నవారు దేశంలో 29.3 శాతం, తెలంగాణలో 36.9. హింస ఎదుర్కొన్నవారిలో సాయం కోరినవారు 14 శాతమే. కాబట్టి "కేసులు పెరిగాయి, నేరాలు పెరిగాయి" అని రాసేముందు ఆగాలి. కేసులు పెరగడం అంటే స్టేషన్‌లో తలుపు తెరుచుకుందని కూడా కావొచ్చు. ఎన్‌సీఆర్‌బీలో ముందు వరసలో ఉన్న రాష్ట్రం అన్నిటికంటే ప్రమాదకరం అని హెడ్డింగ్ పెడితే సున్నా మార్కులు.

---

ఎంసీజే_లెక్చరర్:

అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. పోలీసుల వాట్సాప్ గ్రూపులో వచ్చే ప్రెస్ నోట్‌లోనే పేరు, ఊరు ఉంటే విలేకరి తప్పేంటని పిల్లలు అడుగుతున్నారు. రెండోది, మార్కుల సంగతి ఎవరూ చెప్పలేదు.

---

కోర్టుబీటు:

ప్రెస్ నోట్ పంపినవారి తప్పు వేరు, ప్రచురించినవారి తప్పు వేరు. ఇలాంటి కేసుల ఎఫ్‌ఐఆర్‌లు ప్రజల ముందు పెట్టకూడదని నిపుణ్ సక్సేనా తీర్పులోనే ఉంది. 72 కింద పోలీసు అధికారి దర్యాప్తు కోసం సదుద్దేశంతో రాతపూర్వక ఆదేశం ఇవ్వవచ్చు, గ్రూపులో ఫార్వర్డ్ చేసిన పీడీఎఫ్ అది కాదు. చేయించాల్సిన పని: విద్యార్థి ఆ నోట్‌ను ఇంకో గ్రూపుకు పంపకుండా డిలీట్ చేసి, పంపిన అధికారికి ఫోన్ చేసి తీయమని చెప్పే సంభాషణ రాయాలి. మర్యాదగా, రెండు నిమిషాల్లో. అధికారితో సంబంధం చెడకుండా చెప్పడం కూడా నైపుణ్యమే.

---

డెస్కు_పాతకాపు:

మార్కులు 50 అనుకోండి. కాపీ దిద్దడం 15 (ఒక్క ఆనవాలు మిగిలినా 15కు 5 మించదు, ఇక్కడ సగం సరైనది అంటూ ఉండదు). హెడ్డింగులు పది, అక్షర పరిమితితో, 10. మాటల పట్టిక 10. ఇంటర్వ్యూ గమనిక 5, అది గమనించినవారికే. మిగతా 10 ఫాలో అప్ క్యాలెండర్‌కు.

క్యాలెండర్ అంటే: ఒక కేసు ఎఫ్‌ఐఆర్ తేదీ ఇచ్చి, విలేకరి మళ్లీ ఎప్పుడెప్పుడు వెళ్లి చూడాలో తేదీలతో రాయమనండి. వైద్య పరీక్ష 24 గంటల్లో. దర్యాప్తు రెండు నెలల్లో పూర్తవ్వాలి. పోక్సో అయితే కోర్టు కేసును విచారణకు తీసుకున్నాక 30 రోజుల్లో బిడ్డ సాక్ష్యం, ఏడాదిలో విచారణ. పెళ్లయిన ఏడేళ్లలోపు అనుమానాస్పద మృతి అయితే ఎస్సై పంచనామా చాలదు, తహసీల్దార్ వచ్చారా లేదా కనుక్కోవాలి. ప్రతి తేదీ పక్కన ఎవరిని అడగాలో కూడా: పబ్లిక్ ప్రాసిక్యూటర్, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ (పరిహారం వచ్చిందా అని), సఖి కేంద్రం నిర్వాహకురాలు. ఆ జాబితాలో ఆమె ఇల్లు ఎక్కడా కనిపించకూడదు.